అమెరికాలో ఒకే ఇంట్లో ఎంతమంది ఉండొచ్చు? లీజు మీద సంతకం పెట్టేముందు తేల్చుకోవడం ఎలా

ఏటా జులై, ఆగస్టుల్లో నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లు దొరికింది, ఆరుగురం ఉండొచ్చా?" జనవరిలో స్ప్రింగ్ బ్యాచ్ దిగాక మళ్లీ అదే. సీనియర్లని అడిగితే ఒకడు "ఎంతమందైనా ఉండొచ్చు, ఎవడూ పట్టించుకోడు" అంటాడు. ఇంకొకడు "ముగ్గురు దాటితే పోలీసులొస్తారు" అంటాడు. ఇద్దరూ వాళ్ల ఊళ్లో విన్నమాటే చెబుతున్నారు. మీ ఊరి సంగతి వేరు కావచ్చు.

చాలా అమెరికా ఊళ్ల జోనింగ్ రూల్స్‌లో (ఏ ప్రాంతంలో ఏం కట్టొచ్చో, ఎలా వాడొచ్చో చెప్పే రూల్స్) "చుట్టరికం లేని మనుషులు ఒక ఇంట్లో ఇంతమందికి మించి ఉండకూడదు" అని ఒక అంకె ఉంటుంది. ఎక్కువగా మూడో నాలుగో. కొన్ని రాష్ట్రాలు ఈ మధ్య చట్టాలు చేసి ఊళ్ల చేతిలోంచి ఆ అధికారం లాగేసుకున్నాయి. ఆ వార్త చదివి చాలామంది "ఇక లిమిట్టే లేదు" అనుకుని దెబ్బ తింటున్నారు. రాష్ట్రం ఊరి నోరు మూయించింది చుట్టరికం విషయంలో మాత్రమే. చోటు విషయంలో కాదు, లీజు విషయంలో అసలే కాదు. ఈ తేడా మనసులో పెట్టుకుని కింద చెప్పినట్టు చేసుకుంటూ వెళ్లండి. ఓ సాయంత్రం పని.

నేను లాయర్ని కాను. ఊరి నుంచి నోటీసు చేతికొచ్చాక అయితే ఇది చదువుతూ కూర్చోకుండా నేరుగా ఏడో స్టెప్‌కి వెళ్లండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఇంటి పూర్తి అడ్రస్, లీజు కాపీ (సంతకం పెట్టకముందే అడిగి తీసుకోండి), కొలిచే టేపు, ఉండబోయే వాళ్ల లిస్టు. లిస్టులో ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా రాయండి. ఎందుకో రెండో స్టెప్‌లో తెలుస్తుంది.

1. ఇల్లు నిజంగా ఏ ఊరి కిందకి వస్తుందో చూడండి

ఉత్తరాల అడ్రస్‌లో ఉన్న ఊరి పేరు నమ్మకండి. అది పోస్టాఫీసు సౌకర్యం కోసం పెట్టిన పేరు. అడ్రస్‌లో ఒక ఊరుంటుంది, ఇల్లేమో పక్క ఊరి హద్దులోనో, ఏ ఊరికీ చెందకుండా నేరుగా కౌంటీ (మన జిల్లా లాంటిది) కిందో ఉంటుంది. కౌంటీ ఆస్తి పన్ను వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే ఏ ఊరి పరిధో కనిపిస్తుంది. జోన్ పేరు అక్కడ గానీ, ఊరి జోనింగ్ మ్యాప్‌లో గానీ దొరుకుతుంది. రెండూ రాసుకోండి.

టెక్సస్‌లో కౌంటీలకి మామూలుగా జోనింగ్ అధికారమే ఉండదు. కాబట్టి అక్కడ ఊరి హద్దుకి లోపలా బయటా అన్నదే పెద్ద తేడా.

2. ఊరి కోడ్‌లో "ఫ్యామిలీ" అంటే ఏమిటో చదవండి

ఊరి పేరు పక్కన "మున్సిపల్ కోడ్" (ఊరి రూల్స్ పుస్తకం) అని వెతకండి. జోనింగ్ చాప్టర్‌లో నిర్వచనాలు ఉన్నచోటికి వెళ్లి "ఫ్యామిలీ", "హౌస్‌హోల్డ్", "అన్‌రిలేటెడ్" అనే మాటల కోసం చూడండి. చాలాచోట్ల లిమిట్ అంకె విడిగా రూల్‌లా ఉండదు, ఈ నిర్వచనంలోనే దాక్కుని ఉంటుంది. అందుకే చాలామందికి దొరకదు.

దొరికాక లెక్క జాగ్రత్తగా వేయండి. రక్త సంబంధం, పెళ్లి, దత్తత, ఈ మూడే చుట్టరికం అని ఎక్కువ కోడ్‌లు అంటాయి. మనకి పెదనాన్న కొడుకు అన్నయ్యే. కోడ్‌లో మాత్రం కజిన్. కజిన్ చుట్టమా కాదా అన్నది ఊరిని బట్టి మారుతుంది. ఒకే ఊరివాళ్లం, చిన్నప్పటినుంచీ అన్నదమ్ముల్లా పెరిగాం అంటే ఊరి తరఫున ఇళ్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్‌కి ఎక్కదు.

ఈ కజిన్ గొడవ అక్కడివాళ్లకీ కొత్త కాదు. ఒహాయోలోని ఈస్ట్ క్లీవ్‌లాండ్‌లో ఇనెజ్ మూర్ అనే బామ్మ కొడుకుతో, ఇద్దరు మనవళ్లతో ఉండేది. ఆ మనవళ్లు సొంత అన్నదమ్ములు కారు, కజిన్లు. ఊరి కోడ్ ప్రకారం అది "ఫ్యామిలీ" కాదన్నారు. ఆవిడకి 5 రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా వేశారు. 1977లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. అదే సుప్రీంకోర్టు మూడేళ్ల ముందు, 1974లో, న్యూయార్క్ రాష్ట్రంలోని బెల్ టెర్ అనే చిన్న ఊళ్లో ఇల్లు అద్దెకి తీసుకున్న ఆరుగురు స్టోనీ బ్రూక్ యూనివర్సిటీ విద్యార్థుల కేసులో ఊరి వైపే నిలబడింది. చుట్టరికం లేనివాళ్లు ఇద్దరికి మించకూడదన్న ఆ ఊరి రూల్ చెల్లుతుందంది. ఇప్పటికీ ఫెడరల్ స్థాయిలో ఉన్న మాట అదే. బామ్మకి రక్షణ ఉంది, రూమ్మేట్స్‌కి లేదు. కాబట్టి రూమ్మేట్స్‌కి దిక్కు ఎవరంటే, రాష్ట్రం.

ఒక జంట, వాళ్లతో ఇద్దరు ఫ్రెండ్స్ అయితే లెక్క ఇంకా తికమక. కొన్ని ఊళ్లు "ఎంత పెద్ద ఫ్యామిలీ అయినా సరే, బయటివాళ్లు ఒక్కరే" అంటాయి. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో "యూ ప్లస్ టూ" అని పేరుపడ్డ పాత రూల్ ఇలాంటిదే. చుట్టరికం లేకపోతే ముగ్గురు, ఫ్యామిలీ అయితే దానితో ఒక్కరు. మీ ఊరి వాక్యాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి పెట్టుకోండి, అర్థమైనంతవరకు మాత్రమే రాసుకోవద్దు.

3. రాష్ట్రం ఆ అంకెని కొట్టేసిందేమో చూడండి

ఇక్కడే అసలు విషయం ఉంది. నాకు ఖాయంగా తెలిసిన రాష్ట్రాలు ఇవి.

అయోవా: 2018 జనవరి నుంచి, అద్దె ఇళ్లలో చుట్టరికాన్ని బట్టి ఊళ్లు లిమిట్ పెట్టడానికి వీల్లేదు.

ఆరెగన్, వాషింగ్టన్: రెండూ 2021లో చట్టం చేశాయి. వాషింగ్టన్‌లో 2023లో ఇంకో చట్టం వచ్చి ఇళ్ల ఓనర్ల అసోసియేషన్లని కూడా ఇదే గాటన కట్టింది. రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇళ్లకి ఆ రాష్ట్రంలో మినహాయింపు ఉంది.

కొలరాడో: 2024 జులై 1 నుంచి. పైన చెప్పిన యూ ప్లస్ టూ కథ అక్కడితో ముగిసింది. ఆరోగ్యం, భద్రత కోసం పెట్టే లిమిట్లు మాత్రం ఊళ్లు ఉంచుకోవచ్చు.

టెక్సస్: 2025 సెప్టెంబర్ 1 నుంచి, కానీ రాష్ట్రమంతా కాదు. జనాభా రెండున్నర లక్షల లోపు ఉండి, 20 వేలకి పైగా విద్యార్థులున్న యూనివర్సిటీ క్యాంపస్ గల ఊళ్లకే. కాలేజ్ స్టేషన్ అనే ఊరు లాంటివన్నమాట. అక్కడ అంతకుముందు నలుగురి లిమిట్ ఉండేది, కొన్ని వీధుల్లో అయితే ఇద్దరే. డాలస్, హ్యూస్టన్ లాంటి పెద్ద నగరాలకి ఈ చట్టం వర్తించదు. "టెక్సస్‌లో తీసేశారంట" అని ఫార్వర్డ్ చూసి సంబరపడేముందు మీ ఊరి జనాభా చూసుకోండి.

ఇవి శాసనసభలు చేసినవి. కోర్టులు చేసినవి వేరే ఉన్నాయి. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1980లో శాంటా బార్బరా కేసులో ఇలాంటి లిమిట్‌ని రాష్ట్ర రాజ్యాంగంలోని ప్రైవసీ హక్కు కింద కొట్టేసింది. న్యూజెర్సీ కోర్టు 1979లో, మిషిగన్ 1984లో, న్యూయార్క్ 1985లో తమ తమ రాష్ట్ర రాజ్యాంగాల ఆధారంగా ఊళ్లకి అడ్డుకట్ట వేశాయి. కోర్టు తీర్పుల్లో ఒక మెలిక ఉంది. అవి తరచుగా "ఒక కుటుంబంలా కలిసి బతికేవాళ్లు" అన్నదాని మీద నడుస్తాయి. అంటే ఒకే వంట, ఒకే ఖర్చుల లెక్క. ఎవరి గదికి వాళ్లు తాళం వేసుకుని, ఎవరి అద్దె వాళ్లు విడివిడిగా కట్టే ఇంటికి అదే రక్షణ దొరుకుతుందని అనుకోకండి. మిషిగన్, న్యూయార్క్‌లలో ఉండేవాళ్లు దీన్ని ముఖ్యంగా పట్టించుకోవాలి.

మీ రాష్ట్రం పైన లేకపోతే ఊరి అంకే చెల్లుతుందనుకుని ముందుకి వెళ్లండి. తర్వాత ఆరో స్టెప్‌లో ఊరివాళ్లనే అడిగి ఖాయం చేసుకోండి.

రెండు తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఒకటి, "బిల్లు పాసయింది" అనే వార్త చూసి చట్టమయిందనుకోవడం. ఒక సభలో పాసై మరో సభలో చచ్చిపోయే బిల్లులు బోలెడు. గవర్నర్ సంతకం, అమల్లోకి వచ్చే తేదీ రెండూ చూడాలి. రెండోది దీనికి తిరగమరగ. రాష్ట్రం కొట్టేసినా ఊరి వెబ్‌సైట్‌లో పాత అంకె అలాగే ఉండిపోవడం. కోడ్‌ని తిరగరాయడానికి ఊళ్లకి టైం పడుతుంది. వెబ్‌సైట్‌లో ఉంది కదా అని బెదిరిపోనక్కర్లేదు, రాష్ట్ర చట్టమే పైది.

4. టేపు తీయండి

చుట్టరికం లిమిట్ పోయినా మిగిలేది ఇదే. చాలామంది అసలు చూడనిదీ ఇదే.

ఎన్నో ఊళ్లు వాడే మోడల్ కోడ్ ఒకటుంది. దాని ప్రకారం బెడ్‌రూమ్‌లో ఒక్కరుంటే కనీసం 70 చదరపు అడుగులు. ఒకరి కంటే ఎక్కువైతే మనిషికి 50 చొప్పున. ఇంట్లో ముగ్గురి నుంచి ఐదుగురి దాకా ఉంటే హాలు 120 ఉండాలి. ఆరుగురు, ఆ పైన అయితే 150. మీ ఊరు ఇదే వాడుతుందో లేదో కోడ్‌లో "ప్రాపర్టీ మెయింటెనెన్స్" చాప్టర్‌లో ఉంటుంది.

కొలిచేటప్పుడు క్లోజెట్ వదిలేయండి. వాలు కప్పు ఉన్న గదిలో 5 అడుగుల ఎత్తులేని భాగం లెక్కలోకి రాదు.

ఉదాహరణకి మీ మూడు గదులు 12×11, 10×10, 9×8 అనుకుందాం. అంటే 132, 100, 72. మొదటి గదిలో ఇద్దరు, ఎందుకంటే ముగ్గురికి 150 కావాలి. రెండో గదిలో ఇద్దరు. మూడో దాంట్లో ఒక్కరే. మొత్తం ఐదుగురు. అదే ఇల్లు కాలిఫోర్నియాలో అయితే లెక్క మారిపోతుంది. అక్కడి రాష్ట్ర హౌసింగ్ కోడ్ 70 చదరపు అడుగుల్లో ఇద్దర్ని ఒప్పుకుంటుంది, ఇద్దరు దాటాక మనిషికి 50 కలపమంటుంది. అప్పుడు మొదటి గదిలో ముగ్గురు, మిగతా రెండింటిలో ఇద్దరేసి, మొత్తం ఏడుగురు. ఆ కోడ్ కంటే బిగుతైన లిమిట్ పెట్టబోయిన శాంటా ఆనా నగరాన్ని 1992లో అప్పీల్ కోర్టు ఆపింది. అదే గది, అవే మంచాలు, రాష్ట్రం మారితే ఇద్దరు మనుషుల తేడా. అందుకే వేరే రాష్ట్రంలో ఉన్న సీనియర్ మాట పట్టుకుని లీజు తీసుకోవద్దనేది.

హాలు మాటేమిటి? "హాల్లో కర్టెన్ కట్టి ఇద్దరం పడుకుంటాం, అద్దె తగ్గుతుంది" అనేది మనవాళ్ల ఫేవరెట్ ప్లాన్. నేనూ మొదటి సెమిస్టర్ హాల్లోనే గడిపాను, నీతులు చెప్పను. కానీ పైన చెప్పిన మోడల్ కోడ్‌లో వంటగదిలో పడుకోవడం కుదరదు, ఒక బెడ్‌రూమ్‌లోంచి వెళ్తే తప్ప ఇంకో బెడ్‌రూమ్‌కి దారి లేకుండా చేయకూడదు. కర్టెన్ సంగతి ఎలా ఉన్నా, ప్లైవుడ్ గోడ కొట్టి గది చేస్తే మాత్రం పర్మిట్ లేని నిర్మాణం అవుతుంది. అప్పుడు మనుషుల లెక్క పక్కకి పోయి అదే పెద్ద కేసు అవుతుంది.

బేస్‌మెంట్ గది విషయంలో రాజీ పడొద్దు. మంటలొస్తే బయటికి దూకగలిగే కిటికీ లేకపోతే అది బెడ్‌రూమ్ కాదు, ఓనర్ ఏమన్నా సరే. మామూలుగా అడిగేది: తెరిచిన ఖాళీ వెడల్పు కనీసం 20 అంగుళాలు, ఎత్తు 24, నేల నుంచి కిటికీ కింది అంచు 44 అంగుళాలు మించకూడదు, మొత్తం ఖాళీ 5.7 చదరపు అడుగులు. నేల మట్టంలో ఉన్నదైతే 5. వెడల్పు 20, ఎత్తు 24 కొలిచి "సరిపోయింది" అనుకునేవాళ్లున్నారు. గుణించి చూడండి, మూడున్నర చదరపు అడుగులు కూడా రాదు. కనీసాలు రెండూ కలిసినా చాలవు, ఏదో ఒకటి పెద్దది కావాలి.

5. లీజు తెరవండి

రాష్ట్ర చట్టాలు ఆపింది ఊళ్లని. ఓనర్‌ని కాదు. లీజులో నలుగురు అని ఉంటే నలుగురే.

"ఫ్యామిలీ స్టేటస్ చూసి వివక్ష చూపకూడదని ఫెడరల్ చట్టం ఉంది కదా" అని కొందరు వాదిస్తారు. 1988లో ఫెయిర్ హౌసింగ్ చట్టంలో చేర్చిన ఆ మాట 18 ఏళ్ల లోపు పిల్లలున్న కుటుంబాల కోసం. రూమ్మేట్స్‌కి వర్తించదు. బెడ్‌రూమ్‌కి ఇద్దరు అనేది మామూలుగా సమంజసం అని ఫెడరల్ హౌసింగ్ శాఖ చెప్పిన సూచన పట్టుకునే చాలా అపార్ట్‌మెంట్లు ఆ రూల్ పెడతాయి. టెక్సస్‌లో ఓనర్ ఒప్పుకున్నా బెడ్‌రూమ్‌కి ముగ్గురు పెద్దవాళ్లకి మించి పెట్టకూడదని రాష్ట్ర చట్టంలోనే ఉంది.

న్యూయార్క్ రాష్ట్రంలో మాత్రం ఒక వెసులుబాటు ఉంది. లీజులో మీ ఒక్కరి పేరే ఉంటే, లీజు ఏమన్నా సరే, ఇంకొకర్ని తెచ్చుకోవచ్చు.

ఇక అసలు తప్పు: నలుగురు సంతకం పెట్టి ఏడుగురు ఉండటం. దీంట్లో తిలాపాపం తలా పిడికెడు అనుకోకండి. మామూలు లీజుల్లో ప్రతి సంతకందారూ మొత్తానికి బాధ్యుడే. మిగతావాళ్లు వెకేట్ చేసి వెళ్లిపోతే మొత్తం అద్దె, డ్యామేజీ మిగిలిన ఒక్కడి నెత్తిన పడొచ్చు. పైగా పేరు లేనివాడికి ఇంకో ఇబ్బంది. వీసా మీద ఉన్నవాళ్లు అడ్రస్ మారితే 10 రోజుల్లో తెలియజేయాలి, ఎఫ్-1 వాళ్లు యూనివర్సిటీ ద్వారా, హెచ్-1బీ వాళ్లు ఇమిగ్రేషన్ శాఖకి. ఉంటున్నచోటే రాయాలి. లీజులో లేకుండా ఉంటూ ఫ్రెండ్ అడ్రస్ ఇచ్చి ఆ టెన్షన్ మోయడం ఎందుకు? ఓనర్‌ని అడిగి "ఆక్యుపెంట్" కింద పేరు చేర్పించుకోండి. చాలామంది ఓనర్లు కాస్త అద్దె పెంచో, క్రెడిట్ చెక్ చేసో ఒప్పుకుంటారు.

6. ఊరివాళ్లకి ఈమెయిల్ రాయండి

ప్లానింగ్ ఆఫీసుకి, ఫోన్ కాదు, ఈమెయిల్. లీజు మీద సంతకానికి ముందే. నాలుగు ముక్కలు చాలు: అడ్రస్, జోన్ పేరు, ఎన్ని బెడ్‌రూమ్‌లు, చుట్టరికం లేని పెద్దవాళ్లు ఎంతమంది ఉండాలనుకుంటున్నారు. చివర్లో రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి. "చుట్టరికాన్ని బట్టి లిమిట్ ఇప్పుడు అమల్లో ఉందా? చదరపు అడుగులని బట్టి లిమిట్ ఎంత, ఏ సెక్షన్?" రెండూ కలిపి "ఆరుగురు ఉండొచ్చా" అని అడిగితే "లీజు చూసుకోండి" అని తేలిగ్గా తప్పించుకునే జవాబు వస్తుంది.

సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇల్లయితే దాని కెపాసిటీ కూడా అడగండి. ఊరి శివార్లలో ఇళ్లకి ఇది పెద్ద పాయింటే.

7. నోటీసు వచ్చేసిందా?

మొట్టమొదట గడువు తేదీ చూడండి. తర్వాత ఏ సెక్షన్ రాశారో చూడండి. చుట్టరికం సెక్షన్ అయితే మూడో స్టెప్, చదరపు అడుగులైతే నాలుగో స్టెప్ మీ జవాబు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకి ఉచితంగానో, నామమాత్రపు ఫీజుకో లాయర్ ఉంటారు. ఆరోజే అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ఇన్‌స్పెక్టర్ తలుపు కొడితే, మీరు ఒప్పుకోకపోతే వారెంట్ తెచ్చుకోవాలని 1967 నుంచీ సుప్రీంకోర్టు మాట. మర్యాదగా "లాయర్‌తో మాట్లాడి టైం చెబుతాం" అనొచ్చు. కానీ అబద్ధం మాత్రం ఆడకండి. "వాడు గెస్ట్, నిన్ననే వచ్చాడు" అని చెప్పి, వాడి పేరు మీద ఆర్నెల్ల కరెంటు బిల్లు బయటపడ్డ ఇల్లు నాకు తెలుసు. ఫిర్యాదులు చాలావరకు మనుషుల లెక్క చూసి రావు. గడ్డిలో పార్క్ చేసిన కార్లు, పొంగిపొర్లే చెత్త డబ్బా, రాత్రి పన్నెండింటికి క్రికెట్ మ్యాచ్ అరుపులు, వీటివల్ల వస్తాయి.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాయండి. ఊరి చుట్టరికం లిమిట్ (రాష్ట్రం కొట్టేస్తే అక్కడ గీత పెట్టండి), చదరపు అడుగుల లెక్క, లీజు లిమిట్, అసోసియేషన్ ఉంటే దాని లిమిట్. అన్నిటికంటే చిన్నదే మీ అంకె. ఏ అంకె పక్కనైనా "ఎక్కడ చదివాను" అన్నదానికి సెక్షన్ నంబరో, ఈమెయిలో చూపించలేకపోతే ఆ స్టెప్ మళ్లీ చేయాలి. వాట్సాప్ గ్రూపులో విన్నాను అన్నది లెక్కలోకి రాదు.

పైన చెప్పిన మూడు గదుల ఇంటికి కొలరాడోలో అయితే కాగితం ఇలా ఉండొచ్చు: చుట్టరికం గీత, చదరపు అడుగులు ఐదు, లీజు నాలుగు, అసోసియేషన్ లేదు. మీ అంకె నాలుగు. ఐదోవాడు రావాలంటే మాట్లాడాల్సింది ఓనర్‌తో, ఊరితో కాదు. ఆరోవాడికి మాత్రం వేరే ఇల్లు చూడండి.

ఈ కాగితాన్ని ఫొటో తీసి రూమ్మేట్స్ అందరికీ పంపండి. లీజు రెన్యువల్‌కి రెండు నెలల ముందు మూడో స్టెప్ ఒక్కటి మళ్లీ చేయండి. ఈ చట్టాలు ఏడాదికో రాష్ట్రంలో మారుతున్నాయి.